పన్నెండు గడుల బొంత

ఫిబ్రవరి మొదటి వారానికే మా ఇంట్లో కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. మంచం మీద ఎర్ర ముక్కలు, కుర్చీలో పచ్చ ముక్కలు, టీవీ మీద పూల ముక్కలు. అన్నం తింటుంటే నోట్లోకి దారపు పోగు వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు బెల్లంపల్లి బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషిని నేను. కాళ్ళు చాపుకుని కూర్చుందామనుకున్న వయసులో, జాకెట్ల కత్తిరింపులను రంగుల వారీగా వేరుచేసే పని నా నెత్తిన పడింది.

దీనికంతటికీ కారణం మమతారాణి అనే పిల్ల. పక్షవాతం వచ్చినవాళ్ళకు మంచిర్యాలలో ఎక్సర్‌సైజులు చేయిస్తుంది. నా భార్య నర్మదకు డిసెంబరులో పక్షవాతం వచ్చింది. కాలు నెల రోజుల్లో దారికొచ్చింది. నోటికి ఏమీ కాలేదు, అది మాత్రం ముందుకన్నా గట్టిగానే పనిచేస్తోంది. రానిదల్లా కుడిచెయ్యి. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది, ముద్ద కలిపితే పళ్ళెం అవతల పడేది. ముప్పై ఏళ్ళు మా వాడకట్టు ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టిన చెయ్యి అది.

"పిండిముద్ద పిసకుమంటే ఆంటీ పిసకుతలేదు అంకుల్. ఆమెకొచ్చిన పనే ఇయ్యాలె," అని మమతారాణి ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. "సాంప్లర్ క్విల్ట్ అంటరు దీన్ని. మన బొంతనే అనుకోండి. నెలకొక గడి కుట్టాలె. ఒక్కో గడి ఒక్కో తీరు. మొదటిది అల్కగుంటది, పోను పోను కష్టమైతది. పన్నెండు నెల్లకు పన్నెండు గడులు, అన్నీ కలిపితే బొంత. కత్తిరించుడు మీరు చెయ్యండి. సూది మాత్రం ఆంటీయే పట్టాలె. మొదటి ఆరు నెల్లే మెయిన్ అంకుల్, చెయ్యి తిరిగొచ్చేది అప్పుడే."

నర్మదకు ఆ మాట నచ్చింది. నాకూ నచ్చింది. నచ్చినందుకు నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు.

మంచం కింద మూడు బస్తాల కత్తిరింపులున్నాయి. ఎన్నోసార్లు పారేస్తానన్నాను, "పనికొస్తయి" అని నర్మద పారేయనివ్వలేదు. ఇప్పుడు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, షిఫ్టు ఇన్‌ఛార్జి లెక్క నాకు పని చెప్పడం మొదలుపెట్టింది.

"అది పాలిస్టర్. పక్కకు పెట్టు. సూదికి జారుతది."

"ఎట్ల తెలుస్తదే నాకు?"

"చేతిల నలిపి సూడు. నలిగితే కాటన్."

ఒక పూటంతా నలుపుతూ కూర్చున్నాను. చివరికి నలిగింది నేనే. మూడు బస్తాలలో కాటన్ ముక్కలు అర బస్తా కూడా తేలలేదు. అవి ఉతకాలంది. ఉతికాను. ఇస్త్రీ చేయాలంది. అరచేతి వెడల్పు లేని ముక్కలకు ఇస్త్రీ చేసే మగవాణ్ణి మా వాడకట్టు మొత్తం గుమ్మంలో నిలబడి చూసింది.

తర్వాత ప్లాను. రూళ్ళ నోట్‌బుక్కులో స్కేలు పెట్టి, అడ్డానికి మూడు, నిలువుకు నాలుగు, పన్నెండు గడులు గీశాను. మొదటి నెల నాలుగు చదరాలు. రెండో నెల తొమ్మిది. మూడోది మెట్లు, నాలుగోది పతంగి, అయిదోది త్రికోణాలు. ఇట్లా పన్నెండో నెలకు ఎనిమిది మూలల చుక్క. రంగులు నింపుదామని కూర్చుంటే చిక్కంతా అక్కడొచ్చింది. ఆకుపచ్చ పక్కన ఎరుపు వద్దంది. పసుపు పెట్టాను. అవతలి గడిలోనూ పసుపే కదా, పసుపు పక్కన పసుపెందుకంది. నాలుగు కాయితాలు చింపాను. అయిదోసారి తను మొదట వద్దన్నదే పెట్టమంది.

"ముందుగల నేను పెట్టింది గదే గదనే!"

"అప్పుడు నువ్వు పెట్టినవు. ఇప్పుడు నేను పెట్టుమంటున్న."

గడి ఎనిమిది అంగుళాలు అనుకున్నాం. కుట్టుకు పావు అంగుళం వదలాలని మమతారాణి రాసిచ్చిన కాయితంలో ఉంది. నర్మద ఒప్పుకోలేదు. ప్రతి ముక్కకూ లోపల అంగుళమున్నర వదలమంది. జాకెట్లకు అట్లాగే వదిలేది, తర్వాత వదులు చేసుకోవడానికి.

"రేపు లావైతే ఇప్పుకోవద్దా?" అంది అలవాటుగా.

"బొంత లావైతదానే?"

తను కూడా నవ్వింది. పక్షవాతం వచ్చాక మొదటిసారి నవ్వడం అది. అందుకని ఒక పూట కోపం మానుకున్నాను.

మొదటి గడి పన్నెండు రోజులు పట్టింది. నాలుగు చదరాలు, మూడే కుట్లు. సూదిలో దారం నేను ఎక్కించేవాణ్ణి. తను కుడిచేతి వేళ్ళ మధ్య సూదిని ఇరికించుకుని, పెదవి కొరుక్కుంటూ గుచ్చేది. సూది జారి పడేది. నేను వెతికి తీసిచ్చేవాణ్ణి. మళ్ళీ పడేది. "పడెయ్యకే," అని అరిచేవాణ్ణి. "పడేస్తున్ననా నేను? పడుతున్నది!" అని తనూ అరిచేది. చివరికి గడి తయారయ్యేసరికి ఒక కుట్టు మంథని రోడ్డంత వంకర తిరిగింది, రెండోది మధ్యలో ఊడి ముక్కలు నోరు తెరిచాయి.

నర్మద దాన్ని ఎత్తి వెలుతురులో చూసింది. మడిచి దిండు కింద పెట్టి అటు తిరిగి పడుకుంది. "నాతోని కాదయ్యా. మూటగట్టి మంచం కింద పెట్టు," అంది గోడ వైపు చూస్తూ. ఆ మాట నాకు గుండెలో దిగింది. తను తిట్టినా పడతాను, వస్తువులు విసిరినా పడతాను. గోడ వైపు తిరగడం మాత్రం నేను చూడలేను.

ఇక్కడ నా బాయి పని గురించి చెప్పాలి. నాది టింబర్‌మన్ పని. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. పక్కవాడు నిలబెట్టిన దుంగ ఒరిగి కనిపిస్తే వాణ్ణి పిలిచి చెప్పం. వాడికి నామోషీ. రెండు దెబ్బలు కొట్టి సరిచేసి ముందుకు పోతాం. నేను పెట్టినవి ఎవరెవరు సరిచేశారో నాకూ తెలియదు. అందరం అట్లాగే బతికి బయటపడ్డాం.

ఆ మధ్యాహ్నం నర్మద నిద్రపోయాక దిండు కింది గడి తీశాను. వంటింట్లో కూర్చుని వంకర కుట్టు ఊడదీసి, స్కేలుతో గీత గీసి, ఆ గీత మీద మళ్ళీ కుట్టాను. నోరు తెరిచిన చోట మూశాను. వేలికి మూడుసార్లు గుచ్చుకుంది. మూడో కుట్టు తనదే, అట్లాగే వదిలేశాను. ఉన్నచోటే పెట్టేశాను.

సాయంత్రం తను గడి తీసి మళ్ళీ చూసుకుంది. ఆమెకు చూపు అంతంతమాత్రం. అద్దాలు పెట్టుకుంది, తీసింది, తుడిచి పెట్టుకుంది.

"గింత మంచిగ కుట్టిన్నా నేను?"

"మరి నేను కుడ్తనా?"

"అప్పుడు నాకు వంకరగ కొట్టిందయ్యా."

"అలసిపోయి చూస్తే అట్లనే కనవడ్తది."

అంతే. ఆ ఒక్క మాటతో నేను దిగబడ్డాను. ఆ రాత్రి తను రెండు రొట్టెలు తిన్నది.

మార్చిలో తొమ్మిది చదరాల గడికి రెండు వరుసలు మార్చాను. ఏప్రిల్‌లో మెట్ల గడికి సగం మార్చాను. నా తిప్పలు నేను పడుతుంటే తను ధైర్యంగా చిన్న ముక్కలు, సన్న దారం అడగడం మొదలుపెట్టింది. "లావు సూదితో కుడితే అందముండదు," అని సన్న సూది తెప్పించింది. ఆ సన్న సూదిలో దారం ఎక్కించలేక నేను చస్తుంటే "కండ్లు కనవడ్తలేవా?" అని దెప్పిపొడిచింది. మేలో పతంగి గడి మూడొంతులు నా కుట్టే. జూన్‌లో త్రికోణాల గడి మొత్తం విప్పి మొత్తం కుట్టాను. తన కుట్టు ఒక్కటి కూడా మిగల్లేదు. నాకేమో కుట్టుపని బాగా వచ్చేసింది. ఎవరితో చెప్పుకోను?

ప్రతి నెలా గడిని ఫొటో తీసి మమతారాణికి పంపేవాళ్ళం. మంచిర్యాల పోయి రావడం కష్టమని రెండు నెలల తర్వాత మానేశాం. ఏప్రిల్ ఫొటో చూసి ఆ పిల్ల సంతోషంగా ఫోన్ చేసింది. "ఆంటీ సూపర్! వేళ్ళ పట్టు మంచిగొచ్చింది. బట్టల క్లిప్పులు నొక్కే ఎక్సర్‌సైజ్ ఇగ వద్దు. భుజానికి వేరేవి చెప్త," అంది. నర్మద క్లిప్పుల డబ్బా తీసి పక్కన పెట్టేసింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు విప్పితే మళ్ళీ గోడ వైపు తిరుగుతుందని భయం. భయమని అప్పుడు ఒప్పుకోలేదు. మంచిదే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

జూన్ చివర్లో జమున వచ్చింది. నర్మద అన్న బిడ్డ, మంథనిలో ఉంటుంది. శ్రావణంలో పెండ్లి. పెండ్లి చీర మీదికి పట్టు జాకెట్ పీసు తెచ్చింది. ఇక్కడెవరితోనైనా కుట్టించుకుందామని వచ్చిందట.

"ఎవలితోనో ఎందుకే? నేను కుట్టనా నా కోడలికి?" అంది నర్మద.

"నీ చెయ్యి ఎట్లుంది అత్తా? జర ఆగితే..."

"ఏమైంది నా చేతికి? సూడు!" అని పెట్టె లోంచి అయిదు గడులు తీసి మంచం మీద పరిచింది. జమున వాటిని ఎత్తి ఎత్తి చూసింది. త్రికోణాల గడి దగ్గర ఆగి, "అత్తా, మిషిన్ మీద కుట్టినట్టే ఉన్నది గదా!" అంది. నర్మద మొఖం వెలిగిపోయింది. నేను అటు చూడలేక కింద పడ్డ దారాలు ఏరడం మొదలుపెట్టాను.

నర్మద బల్ల మీద పట్టుగుడ్డ పరిచింది. చాక్‌ముక్క ఎడమచేత్తో పట్టుకుని గీసింది. పెద్ద కత్తెర కోసం కుడిచెయ్యి చాపింది. వేళ్ళు కత్తెర రింగుల్లోకి పోలేదు. ఎడమచేత్తో ఒక్కో వేలూ లోపలికి తోసుకుంది. కత్తెర కొస పట్టుగుడ్డ మీద వణుకుతోంది.

"ముట్టకు!" అని అరిచాను.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఏందయ్యా? మొదలే పెట్టలే ఇంకా," అంది నర్మద.

"వద్దు. అది పెండ్లి బట్ట. వేరేటోళ్ళతోని కుట్టిద్దాం."

"నా చెయ్యి మీద నమ్మకం లేదా నీకు? గా గడులు కనవడ్తలేవా?"

"గా కుట్లు నావి."

"ఏం కుట్లు?"

"గడులవి. మొదటిదాంట్ల రెండు కుట్లు నావి. తర్వాత... చివరిది మొత్తం నాదే. నువ్వు పండుకున్నంక విప్పి కుట్టిన."

జమున నా మొఖం చూసింది, అత్త మొఖం చూసింది. పట్టుగుడ్డను మెల్లగా కత్తెర కింది నుంచి లాగి మడతపెట్టి, "మళ్ల వస్త అత్తా," అని వెళ్ళిపోయింది. పాపం, నీళ్ళు కూడా తాగలేదు.

నర్మదకు కత్తెర లోంచి వేళ్ళు తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చేయబోతే చెయ్యి విదిలించింది.

"ఎందుకు చేసినవు?"

"నువ్వు గోడ దిక్కు తిరిగినవు. నాకు భయమైంది."

"నీకు భయమైతే నా కుట్లు ఇప్పుతవా? ముప్పై ఏండ్లు కుట్టిన దాన్ని. వంకర కుట్టు సూస్తే ఊడదీసి కుట్టుకునుడు నాకు రాదా? జర ఏడ్చి మళ్ల నేనే కుట్టుకుందునేమో! అది నాకు ఇయ్యకపోతివి. నాలుగు నెల్లు నవ్వుకుంట తిరిగిన గద నేను. మందిని పిలిచి సూపిచ్చిన. పిచ్చిదాన్ని చేసినవు. బాయిల దుంగనా నేను, ఒరిగితే తన్ని నిలబెట్టనీకి?"

ఎంతసేపూ నాకు కోపం ఎవరి మీద రావాలో అర్థం కాలేదు. మమతారాణి మీద రానిచ్చి చూశాను, బొంత మీద రానిచ్చి చూశాను. చివరికి అది ఎక్కడికి రావాలో అక్కడికే వచ్చింది.

మమతారాణికి ఫోన్ చేయమంది. స్పీకర్ పెట్టమంది. అంతా చెప్పాను. ఎప్పుడూ గలగలా మాట్లాడే ఆ పిల్ల ఒక్కో మాటా ఆచితూచి అంది.

"ఫొటోలు చూసే కదా అంకుల్, నేను క్లిప్పులు ఆపిచ్చింది," అంది. "మొదటి ఆరు నెల్లే మెయిన్ అని చెప్పిన కదా."

"ఇప్పుడు చేస్తే రాదా బిడ్డా?"

"వస్తది. కాని అప్పుడు ఒక నెలల వచ్చేది ఇప్పుడు మూడు నెల్లు పట్టొచ్చు. మొత్తం వస్తదని మాత్రం నేను మాటియ్య."

నర్మద అంతా విన్నది. ఫోన్ పెట్టేశాక నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. బాయిలో తోటివాడి శవం మోసుకొచ్చినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. ఆమె నా తల మీద చెయ్యి వేయలేదు. "మొదలు నీ కుట్లు ఊడదియ్యి," అంది.

రెండు రోజులు కూర్చుని ఊడదీశాను. నేను వేసినవి, తన కుట్ల కన్నా అందంగా వచ్చాయని మురిసిపోయినవి, అన్నీ. అయిదు గడులు మళ్ళీ ముక్కలైపోయాయి. మొదటి గడిలో ఒక్కటి, రెండో దాంట్లో కొన్ని, మూడో దాంట్లో సగం, నాలుగో దాంట్లో పావు వంతు. తన కుట్లు అంతే మిగిలాయి. జూన్ గడి ముక్కలను చేతిలో పట్టుకుని ఆమె చాలాసేపు చూసింది. "గీ నెలంత నేను ఏం చెయ్యలే అన్నట్టు," అంది.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. క్లిప్పుల డబ్బా తనే తీసుకుంది. పొద్దున, సాయంత్రం క్లిప్పులు నొక్కేది. నొక్కలేక జారిపోతే తనే వంగి ఏరుకునేది. నేను వంగితే "కూసో" అనేది. కరీంనగర్ నుంచి మా బిడ్డ రమ ఫోన్ చేసి, "అవ్వా, బాపు ఏం చేస్తుండు?" అంటే "ఏం చెయ్యకుంట కూసోవుడు నేర్సుకుంటుండు," అని చెప్పింది. అది నిజమే. అంతకన్నా కష్టమైన పని నేను బాయిలో కూడా చేయలేదు.

అయిదో రోజు మాట్లాడింది. "నాలుగు చదరాలు కొయ్యి. మొదటి గడి మళ్ల కుడ్త."

కోశాను. దారం కూడా తనే ఎక్కించుకుంటానంది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి ఎక్కింది. నేను ఎదురుగా కుర్చీలో, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. సూది పడితే పడిన చోటే ఉండేది. ఆమె వంగి వెతుక్కునేది. నోటిదాకా వచ్చిన మాటను ఎన్నిసార్లు మింగానో. సూది గుచ్చే ప్రతిసారీ నా వేళ్ళు తొడల కింద గుచ్చినట్టే కదిలేవి.

జూలై నెలంతా అట్లాగే గడిచింది. జమున జాకెట్ వేరేవాళ్ళు కుట్టారు. వంకరగా వచ్చిన కుట్టును నర్మద తనే ఊడదీసింది, తనే మళ్ళీ కుట్టింది, మళ్ళీ ఊడదీసింది. రెండుసార్లు గడిని విసిరికొట్టింది. ఒకసారి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను కుర్చీలోంచి లేవలేదు. మర్నాడు పొద్దున లేచి తనే తీసుకుని కూర్చుంది.

నెలాఖరున గడి నా చేతికిచ్చింది.

"ఎట్లున్నది? సూసి చెప్పు."

స్కేలు తెచ్చి పెట్టి చూశాను. "పై కుట్టు ముప్పావు ఇంచు వంకర పోయింది. ఎడమకు."

"ఇంకా?"

"కింది కుట్టు అర ఇంచు పోయింది. ఒకకాడ దారం ఉబ్బింది."

"నడిమిది?"

నడిమి కుట్టు మీద స్కేలు ఆనించాను. ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాను. తిప్పి పెట్టి మళ్ళీ చూశాను.

"సక్కగున్నది," అన్నాను.

నర్మద నా మొఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. పెళ్ళయినప్పటి నుంచీ నేను బాయి నుంచి ఇంటికి వచ్చి ఏం చెప్పినా అనుమానం లేకుండా విన్న మనిషి. తర్వాత కుడిచెయ్యి చాపింది.

"స్కేలు ఇటియ్యి," అంది.

ఇచ్చాను. ఆ చేత్తోనే గడి మీద పెట్టి, అద్దాలు ముక్కు మీదికి జరుపుకుని, తనే కొలుచుకుంది.